ఆపడం, ఆగడం, మానేయడం: ఇంగ్లీషులో ఏ మాట ఎక్కడ?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. స్టాప్, సీస్, హాల్ట్, క్విట్, డిస్కంటిన్యూ... నిఘంటువు తీస్తే అన్నిటి ఎదురుగా ‘ఆపు, మాను, నిలుపు’ అనే ఉంటోంది, మరి ఏది ఎక్కడ వాడాలి అన్నది ఒకటి. ‘హి స్టాప్డ్ టు స్మోక్’ అంటే పొగతాగడం మానేశాడని ఎందుకు కాదు అన్నది రెండోది. రెండోదానికి జవాబు చిన్నదే, కానీ ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. ముందు అది చూద్దాం.

స్టాప్ తర్వాత ఐఎన్‌జీ రూపం వస్తే ఆగింది ఆ పనే. ‘హి స్టాప్డ్ స్మోకింగ్’ అంటే పొగతాగడం ఆపాడు. ‘టు’ వస్తే ఆ పని కోసం ఇంకోటేదో ఆపాడని. ‘హి స్టాప్డ్ టు స్మోక్’ అంటే నడుస్తున్నవాడో, బండి నడుపుతున్నవాడో సిగరెట్ కాల్చడానికి ఆగాడు. అర్థం పూర్తిగా తిరగబడిపోయింది. ఈ తేడా మనకు కొత్తదేమీ కాదు: ‘కాల్చడం ఆపాడు’, ‘కాల్చడానికి ఆగాడు’. స్టాప్ వరకు ‘డం’ ఉన్నచోట ఐఎన్‌జీ, ‘డానికి’ ఉన్నచోట టు అని గుర్తుపెట్టుకోండి, తప్పు రాదు. ‘క్లాసుకు రావడం మానేశాడు’ని ‘హి స్టాప్డ్ టు కమ్’ అని రాసేవాళ్లు చాలామంది. ‘హి స్టాప్డ్ కమింగ్’ అని ఉండాలి. క్విట్, గివ్ అప్ తర్వాత కూడా ఐఎన్‌జీయే. సీస్ మాత్రం రెండింటినీ ఒప్పుకుంటుంది, పైగా దాని తర్వాత వచ్చే ‘టు’కి ‘డానికి’ అన్న అర్థం ఉండదు: ‘ది కంపెనీ సీస్డ్ టు ఎగ్జిస్ట్’ అంటే ఆ కంపెనీ ఇక లేదు, అంతే.

ఒకరిని ఇంకొకరు ఆపినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ‘వెళ్లకుండా ఆపింది’ అంటాం మనం. ఆ ‘కుండా’లో వ్యతిరేకార్థం ఉంది కాబట్టి చెయ్యి దానంతటదే ‘షి స్టాప్డ్ హిమ్ నాట్ టు గో’ అని రాసేస్తుంది. ఇంగ్లీషులో ఆ ‘నాట్’ అక్కర్లేదు. ‘షి స్టాప్డ్ హిమ్ ఫ్రమ్ గోయింగ్’ చాలు. బ్రిటిష్ వాళ్లు ఆ ఫ్రమ్ కూడా తరచూ వదిలేస్తారు.

‘ఆగు’, ‘ఆపు’ అని మనకు రెండు క్రియలుంటే ఇంగ్లీషు స్టాప్ రెండు పనులూ చేస్తుంది. ‘ది కార్ స్టాప్డ్’, ‘షి స్టాప్డ్ ది కార్’. హాల్ట్, పాజ్, ఎండ్ కూడా ఇలాగే. సస్పెండ్, టెర్మినేట్ లాంటివాటి సంగతి వేరు. మామూలు వాడుకలో వాటికి ఆపినవాడు కావాలి, లేకపోతే కర్మణి రూపం కావాలి. ‘ది సర్వీస్ వాజ్ సస్పెండెడ్’ అనాలి, ‘ది సర్వీస్ సస్పెండెడ్’ అంటే కుదరదు. టెర్మినేట్‌కి ఒక మినహాయింపు: రైలు చివరి స్టేషన్ చేరి అక్కడితో ఆగితే ‘ది ట్రెయిన్ టెర్మినేట్స్ హియర్’ అంటారు.

ఇక మొదటి ప్రశ్న. పర్యాయపదాల పుస్తకాలు ఈ మాటలన్నిటినీ ఒకే వరసలో పేర్చి, ఒకటి మామూలు మాట, ఇంకొకటి గంభీరమైన మాట అని చెప్పి వదిలేస్తాయి. నాకది ఎప్పుడూ చాలదనిపించింది. అనువాదాలు దిద్దేటప్పుడు నేను చూసేది ఒక్కటే: ఆగిన తర్వాత ఏమవుతుంది? మళ్లీ మొదలవుతుందా, ఇంకో రోజు మొదలవుతుందా, ఎప్పటికీ మొదలవదా? ఇంగ్లీషు మాట ఎంచుకునేటప్పుడు దీన్ని దాటేయడం కుదరదు, ఎందుకంటే ఆ జవాబు చాలాసార్లు క్రియలోనే ఇమిడి ఉంటుంది.

పాజ్ అంటే మళ్లీ మొదలుపెట్టే ఉద్దేశంతోనే ఆపడం. వీడియోను పాజ్ చేస్తే ఆపిన చోటు నుంచే నడుస్తుంది. సస్పెండ్ కూడా తాత్కాలికమే, కాకపోతే దాని వెనక ఒక అధికారం ఉంటుంది, ఒక కారణం ఉంటుంది, తేలాల్సిన విషయం ఒకటి మిగిలి ఉంటుంది. మూలంలో ఆ మాటకు వేలాడదీయడం అని అర్థం. సస్పెండైన ఉద్యోగి విచారణ తేలేదాకా ఉద్యోగే. డిస్మిస్ అయితేనే కాకుండా పోతాడు. కోర్టు ఇచ్చే ‘స్టే’ ఈ కోవలోదే. స్టే వచ్చిందంటే ఆ ఉత్తర్వు అమలు ఆగింది గానీ ఉత్తర్వు చావలేదు. దాన్ని కొట్టేస్తే ‘క్వాష్’ చేశారంటారు. స్టే వచ్చిన వార్తను ‘రద్దు’ అని తెనిగించడం చిన్న పొరపాటు కాదు, చదివినవాడికి కేసు ముగిసిపోయిందనిపిస్తుంది.

‘వాయిదా’ దగ్గర తిప్పలు పెట్టేది మన తెలుగే. ఇంకా మొదలే కాని సమావేశాన్ని తర్వాతి తేదీకి జరిపితే పోస్ట్‌పోన్. మొదలైనదాన్ని మధ్యలో ఆపి మళ్లీ కలుద్దామంటే అడ్జర్న్. రెండిటినీ మనం వాయిదా అనే అంటాం. అడ్జర్న్ అన్న మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, ‘ఫలానా రోజుకు’ అన్నది దానిలోనే ఉంది. అందుకే తిరిగి కలిసే రోజు చెప్పకుండా ముగిస్తే ‘రోజు లేకుండా’ అనే లాటిన్ మాట తగిలించి ‘అడ్జర్న్డ్ సైనీ డై’ అంటారు. మన పత్రికల్లో నిరవధిక వాయిదా అది. పార్లమెంటుల్లో దీనికి పైమెట్లు రెండున్నాయి. ప్రొరోగ్ అంటే ఆ విడత సమావేశాలు ముగిశాయి. డిజాల్వ్ అంటే ఆ సభ ఆయుష్షే ముగిసింది, ఎన్నికలు జరగాలి. ఒక సాయంత్రానికి లేచిపోవడానికీ సభే లేకుండా పోవడానికీ మధ్య ఇంత దూరం ఉంటే, అన్నిటికీ స్టాప్ అని రాయడం ఎలా కుదురుతుంది?

యుద్ధవార్తల్లో ఈ తేడా ఇంకా బరువైనది. సీస్‌ఫైర్ అంటే తుపాకులు ఆగాయి, అంతవరకే. ట్రూస్ అంటే ఇరుపక్షాలూ కొంతకాలం పోరాడకూడదని ఒప్పుకున్నాయి. ఆర్మిస్టిస్ అంటే పోరాటం ఆపుతూ రాతపూర్వకంగా కుదిరిన ఒప్పందం. అయినా అది శాంతి ఒప్పందం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీతో ఆర్మిస్టిస్ 1918 నవంబర్ 11న కుదిరితే, వెర్సాయ్ శాంతి ఒప్పందం మీద సంతకాలు 1919 జూన్ 28న గానీ పడలేదు. కొరియా యుద్ధాన్ని ఆపిన ఆర్మిస్టిస్ 1953 జూలై 27 నాటిది. దాని వెనక రావాల్సిన శాంతి ఒప్పందం ఇప్పటికీ రాలేదు. కాబట్టి ‘కొరియన్ వార్ ఎండెడ్’ అని రాసేముందు ఒక క్షణం ఆలోచించాలి. ‘ఫైటింగ్ స్టాప్డ్’ అన్నదానికైతే ఎవరూ వంక పెట్టలేరు.

సీస్ అన్నాను కదా, దాని ఉచ్చారణ గురించి గట్టిగా చెప్పాలి. మన పత్రికల్లో ‘సీజ్‌ఫైర్’ అని అచ్చవుతోంది. సి-ఇ-ఎ-ఎస్-ఇ అన్న మాట చివర పలికేది ‘స’కారమే. ‘జ’లా పలికితే అది ఎస్-ఇ-ఐ-జెడ్-ఇ అవుతుంది, అంటే జప్తు చేయడం, పట్టుకోవడం. పోలీసులు బండి సీజ్ చేశారంటామే, ఆ సీజ్. ఒకటి వదలడం, ఇంకొకటి పట్టుకోవడం. రెండిటినీ ఒకేలా పలికితే వినేవాడు తికమకపడతాడు. ఇలాంటిదే ఇంకో జంట: ‘డిసీస్ట్’ అంటే మరణించిన, ‘డిజీజ్డ్’ అంటే జబ్బుపడ్డ. మాట్లాడేటప్పుడు ఈ రెండూ తారుమారైతే ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు.

సీస్ మాటామంతీలోకి వచ్చే మాట కాదు. గోల చేస్తున్న పిల్లలతో ‘సీస్ టాకింగ్’ అంటే నోటీసు చదివినట్టుంటుంది. దాని చోటు చట్టం, వ్యాపారం, చరిత్ర. ఒక స్థితి, ఒక సంస్థ, ఒక ఆచారం ఉనికి కోల్పోవడం చెప్పడానికి అంత సరైన మాట ఇంకోటి లేదు. ‘సీస్ అండ్ డెసిస్ట్’ అని లాయర్లు పంపే లేఖల్లో రెండు మాటలెందుకంటే, చేస్తున్నది ఆపు, ఇకముందు దాని జోలికి పోకు అని రెండువైపులా తలుపు మూయడానికి. డెసిస్ట్ విడిగా ఎక్కడా పెద్దగా కనబడదు. నామవాచకం సెసేషన్, అది వైద్యంలో బాగా నిలబడింది: పొగాకు మాన్పించే కార్యక్రమాలను ‘స్మోకింగ్ సెసేషన్’ అంటారు.

క్విట్‌లో మనిషి కనిపిస్తాడు. తన ఇష్టంతో, తన నిర్ణయంతో వదిలేయడం. అందుకే ఉద్యోగం క్విట్ చేస్తారు, తాగుడు క్విట్ చేస్తారు. వాన క్విట్ చేసిందని మామూలుగా అనరు. ఇంజన్ విషయంలో మాత్రం అమెరికన్లు అంటారు, అప్పుడు అది మొండికేసి పనిచేయడం మానేసిందని ధ్వని. భూతకాలంలోనూ క్విట్ క్విట్టే, ‘క్విటెడ్’ ఇప్పుడు అరుదు. గివ్ అప్‌కి ఇంకో ఛాయ ఉంది: ప్రయత్నించి, చేతకాక వదిలేయడం. అలవాటు గురించి చెబితే మెచ్చుకోలు, పట్టుదల గురించి చెబితే ఓటమి. చదువు మధ్యలో ఆపేస్తే ‘డ్రాప్ అవుట్’, ‘స్టాప్డ్ ద స్కూల్’ కాదు. రిఫ్రెయిన్, అబ్‌స్టెయిన్ అన్నవి ఈ గుంపులో ఉన్నట్టు కనిపిస్తాయి గానీ అవి ఆపడాలు కావు, మొదలుపెట్టకుండా ఉండడాలు. ‘ప్లీజ్ రిఫ్రెయిన్ ఫ్రమ్ స్మోకింగ్’ అన్న బోర్డు అసలు వెలిగించవద్దని చెబుతోంది. అబ్‌స్టెయిన్ మద్యం, మాంసం లాంటివాటికీ, ఓటు వేయకుండా ఉండటానికీ.

ఆగిన తర్వాత ఏమవుతుందన్న ప్రశ్నకు నాకు అన్నిటికంటే నచ్చిన జవాబులు రాకెట్ ప్రయోగాల్లో దొరుకుతాయి. కౌంట్‌డౌన్ గడియారాన్ని కాసేపు ఆపితే అది ‘హోల్డ్’. లోపం సరిచేశాక అక్కడి నుంచే సాగుతుంది. ఇవాళ్టికి ఇక లేదనుకుంటే ‘స్క్రబ్’. ఇంకో రోజు మొదటి నుంచీ రావాలి. మొదలైన ప్రక్రియను ప్రమాదం చూసి ఉన్నపళంగా తెంచేస్తే ‘అబార్ట్’. 1965 డిసెంబర్ 12న జెమినై 6ఏ అనే అమెరికన్ వ్యోమనౌకను మోసుకెళ్లాల్సిన రాకెట్ ఇంజన్లు అంటుకున్న రెండు సెకన్లలోపే ఆగిపోయాయి, లోపల వ్యోమగాములు కూర్చునే ఉన్నారు. అది అబార్ట్. అదే రాకెట్ డిసెంబర్ 15న ఎగిరింది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలాక చంద్రుడి మీద దిగే ఆలోచన వదిలేసి వెనక్కి తిరగడమూ అబార్టే. ముగ్గురూ క్షేమంగా తిరిగొచ్చారు. అంటే అబార్ట్‌లో చెడిపోయేది ఆ ప్రయత్నపు లక్ష్యం. మనుషులు, యంత్రాలు, మరో ప్రయత్నం మిగలొచ్చు. కంప్యూటర్ పనులకూ, విమానం రన్‌వే మీద పరుగెడుతూ ఎగరకుండా ఆగిపోవడానికీ అదే మాట. గర్భస్రావం అర్థం కూడా ఉండటం వల్ల కొందరు అబార్ట్ అనడానికి జంకుతారు. ప్రయోగాలు, ప్రయాణాలు, ప్రోగ్రాముల విషయంలో జంకక్కర్లేదు.

మందుల దగ్గర మాట జారితే ప్రాణం మీదకు వస్తుంది, కాబట్టి ఇది వివరంగా. వాడుతున్న మందును డాక్టరు ఆపించడం ‘డిస్కంటిన్యూ’. కంపెనీ ఒక సరుకు తయారీ మానేసినా డిస్కంటిన్యూయే. కానీ హానికరమని తేలి మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంటే ‘విత్‌డ్రా’. మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తూ ఆపడం ‘టేపర్’. ఎక్కువకాలం వాడిన స్టెరాయిడ్ మాత్రల్ని హఠాత్తుగా ఆపకూడదు, టేపర్ చేయాలి. ఎందుకంటే శరీరం తనంతట తాను తయారుచేసుకోవాల్సిన హార్మోను ఆ పాటికి తగ్గిపోయి ఉంటుంది, తిరిగి పుంజుకోవడానికి దానికి వ్యవధి కావాలి. ‘టేపర్’ అని రాసినచోట ‘ఆపండి’ అని అనువదిస్తే జరిగే నష్టం ఊహించుకోండి. దీనికి సరిగ్గా వ్యతిరేకం ‘క్విట్ కోల్డ్ టర్కీ’, అంటే ఒక్కసారిగా మానేయడం. ఆసుపత్రి కాగితాల్లో ‘డి/సి’ అన్న పొడి అక్షరాలు డిస్కంటిన్యూకూ వాడారు, డిశ్చార్జ్‌కూ వాడారు. ఇంటికి పంపేటప్పుడు ఇవ్వాల్సిన మందుల పట్టిక పైన అది కనిపిస్తే ఆ మందులన్నీ ఆపమన్నట్టు చదివే ప్రమాదం ఉంది. అందుకే పూర్తి మాట రాయమంటారు.

హాల్ట్ సైన్యపు మాట, జర్మన్ నుంచి వచ్చింది, ‘పట్టి నిలుపు’ అన్నది మూలార్థం. కదులుతున్నది నిలిచిపోవడం దాని ప్రత్యేకత: కవాతు, రైలు, నిర్మాణం, ఉత్పత్తి. ‘గ్రైండ్ టు ఎ హాల్ట్’ అంటే ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ ఆగిపోవడం. ‘హాల్టింగ్ ఇంగ్లీష్’ అన్నదాంట్లో హాల్ట్ వేరే మాట, కుంటడం అనే పాత మాట నుంచి వచ్చింది. స్టాల్ అంటే ముందుకు పోవాల్సింది మధ్యలో చిక్కుకుపోవడం. చర్చలు స్టాల్ అవుతాయి, ఇంజన్ స్టాల్ అవుతుంది. అరెస్ట్‌కి కూడా అసలర్థం ఆపడమే. గుండె ఆగిపోవడం ‘కార్డియాక్ అరెస్ట్’ ఎందుకైందో, పిడుగుపాటు నుంచి కాపాడే పరికరం ‘అరెస్టర్’ ఎందుకైందో అక్కడ తెలుస్తుంది. స్ట్రైక్ కథ వేరు: 1768లో లండన్ నావికులు పని నిలిపివేస్తూ ఓడల తెరచాపలు దించేశారు. తెరచాప దించడాన్ని స్ట్రైక్ అనేవారు. సమ్మెకు ఆ పేరు అలా స్థిరపడింది.

ఇంతకీ స్టాప్ అంటే? పుట్టుకలో అది ‘బిరడా బిగించు’. కన్నంలో నారపీచు కుక్కి మూయడాన్ని చెప్పే లాటిన్ మాట నుంచి వచ్చిందని చాలా నిఘంటువుల అభిప్రాయం. ఆ వాసన ఇంకా పోలేదు. సీసా మూత స్టాపర్, నీళ్ల గొట్టాన్ని మూసే కుళాయి స్టాప్‌కాక్, తాత్కాలికంగా ఖాళీ పూడ్చే ఏర్పాటు స్టాప్‌గ్యాప్. పంటి పుచ్చును పూడ్చడాన్ని పూర్వం బ్రిటన్‌లో స్టాపింగ్ అనేవారు. భాషాశాస్త్రంలో ప, త, క లాంటి హల్లులను ‘స్టాప్స్’ అనడమూ అందుకే. ‘ప’ అనేముందు పెదవులు గాలికి బిరడా వేస్తాయి చూడండి. మన వ్యాకరణంలో స్పర్శాలన్న వాటిలో ఎక్కువ భాగం ఇవే. నోట్లో అవయవాలు తాకడాన్ని మనవాళ్లు గమనించి పేరు పెట్టారు, ఆ తాకిడికి గాలి ఆగడాన్ని వాళ్లు గమనించి పేరు పెట్టారు. ఒకే సంగతిని చెరో వైపు నుంచి ఇంత చక్కగా చూడటం నాకెప్పుడూ ముచ్చటేస్తుంది.

ఆగిపోవడానికీ పూర్తి కావడానికీ మధ్య తేడా మీరు ప్రత్యేకంగా అడగలేదు గానీ చెప్పకపోతే లోటవుతుంది. ‘ఐ స్టాప్డ్ రీడింగ్ ది బుక్’ అంటే మధ్యలో వదిలేశాను. ‘ఐ ఫినిష్డ్ రీడింగ్ ది బుక్’ అంటే చివరిదాకా చదివాను. ఎండ్‌లో పూర్తయిందా లేదా అన్న తీర్పు ఉండదు, ముగిసిందంతే. వివాహబంధం ఎండ్ కావచ్చు, ఫినిష్ కాదు.

రెండు మాటల క్రియలు కొన్ని నేర్చుకుంటే చాలా పనికొస్తాయి. నిశ్చయమైన కార్యక్రమాన్నో సమ్మెనో విరమించుకుంటే కాల్ ఆఫ్. చర్చలు, నిశ్చితార్థం తెగిపోతే బ్రేక్ ఆఫ్. కరెంటు, నీళ్లు ఆపేస్తే కట్ ఆఫ్. ఆ రోజుకి పని చాలించి లేస్తే నాక్ ఆఫ్, ఇది స్నేహితుల మధ్య మాట. జనం పలచబడుతూ ఉద్యమం చల్లారిపోతే పీటర్ అవుట్. వాన విషయంలో మన తెలుగుకీ ఇంగ్లీషుకీ చక్కగా జత కుదిరింది: వాన వెలిస్తే ‘స్టాప్డ్’, తెరిపిస్తే ‘లెట్ అప్’. తెరిపిచ్చిన వాన మళ్లీ అందుకోవచ్చు, లెట్ అప్ కూడా అంతే.

‘ఫ్యాను ఆపు’ తెలుగులో నిక్షేపంగా ఉంటుంది. ‘స్టాప్ ది ఫ్యాన్’ అంటే మాత్రం తిరుగుతున్న రెక్కల్ని చేత్తో పట్టుకోమన్నట్టు వినిపించవచ్చు. ‘టర్న్ ఆఫ్ ది ఫ్యాన్’ అనండి. టీవీ, లైటు, స్టవ్వు అన్నిటికీ అదే. ‘ఆఫ్ ది లైట్’, ‘క్లోజ్ ది టీవీ’ వద్దు. మంటనైతే పుట్ అవుట్, ఫోన్ పెట్టేస్తే హ్యాంగ్ అప్. బస్సు ఆగే చోటును మనం స్టాపేజీ అంటుంటాం. రైల్వే వాడుకలో అది ఇక్కడ చెల్లుతుంది గానీ, బయటి దేశాల వాళ్లకు స్టాపేజ్ అంటే పని నిలిచిపోవడమో ఆట ఆగడమో. ఫుట్‌బాల్‌లో ఆగిన సమయానికి బదులుగా కలిపేది ‘స్టాపేజ్ టైమ్’. చోటును ‘స్టాప్’ అనండి. బ్రిటిష్ వాళ్లు ‘ఐ కాంట్ స్టాప్’ అని హడావిడిగా అంటే ఆపుకోలేకపోతున్నానని కాకపోవచ్చు, ఇక్కడ ఎక్కువసేపు ఉండలేను, వెళ్లాలి అని కావచ్చు. సందర్భం చూసుకోవాలి.

ఉద్యోగం మాటలు చివర పెట్టాను, ఎందుకంటే అవి కాగితం మీద శాశ్వతంగా ఉండిపోతాయి. రాజీనామా లేఖలో క్విట్ రాయకండి, విసిరికొట్టినట్టుంటుంది. ‘రిజైన్’ రాయండి. పదవి నుంచి తప్పుకునే వాళ్లు ‘స్టెప్ డౌన్’ అంటారు, వయసొచ్చి విరమిస్తే ‘రిటైర్’. కంపెనీ వైపు నుంచైతే, పని లేకో డబ్బు లేకో తగ్గిస్తే ‘లే ఆఫ్’, అందులో ఉద్యోగి తప్పున్నట్టు కాదు. తప్పు చూపించి పంపిస్తే ‘ఫైర్’ లేదా ‘డిస్మిస్’. ‘టెర్మినేట్’ ఈ రెండిటినీ కప్పేసే మాట, కారణం చెప్పదు. లే ఆఫ్ అయిన మనిషి తన గురించి దరఖాస్తులో ‘ఐ వాజ్ టెర్మినేటెడ్’ అని రాసుకుంటే, చదివేవాళ్లు తప్పేదో చేశాడని అనుకునే అవకాశం ఎక్కువ. ‘మై పొజిషన్ వాజ్ ఎలిమినేటెడ్’ అనో ‘ఐ వాజ్ లెయిడ్ ఆఫ్’ అనో రాయాలి. లెయిడ్‌కి స్పెల్లింగ్ ఎల్-ఎ-ఐ-డి.